ఒకే నీళ్లు, రెండు సీసాలు

ఆ మధ్యాహ్నం మా క్లస్టర్ గదిలో ఉన్నవి ఇవి: ఇనుప అరల మీద నాలుగు వరసల్లో పదహారు కంప్యూటర్లు. వాటిలో పన్నెండు మా కాలేజీ పాత ల్యాబు నుంచి దించినవి, నాలుగు కొత్తవి. అన్నిటినీ కలిపే స్విచ్ ఒకటి, దాని నుంచి దిగిన నీలం తీగలు. ఏసీలు రెండు, పనిచేసేది ఒకటి. గోడవారగా యూపీఎస్, దాని బ్యాటరీలు. ఒక బల్ల, రెండు కుర్చీలు, రాసి తుడిచే తెల్ల బోర్డు. మనుషులు ముగ్గురు: నేను, మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం, గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి రాకుండా నిలబడ్డ మా మావయ్య.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. అల్లవరం దగ్గర ఉప్పుటేరు గట్టున ఆయనకు రెండు రొయ్యల చెరువులున్నాయి. అమలాపురం వచ్చినప్పుడల్లా కాలేజీ గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసేవాడు. నేను బయటికి వెళితే టీ తాగించి, మా అమ్మ ఆరోగ్యం అడిగి వెళ్లిపోయేవాడు. ఈ గది మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. ఆ రోజు ఫోన్ చేయకుండా నేరుగా వచ్చాడు. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

"లోపలికి రండి మావయ్యా."

"ఇక్కడ బానే ఉందిలే, చల్లగాలి బయటికే వస్తోంది," అని మేడం వైపు తిరిగాడు. "నమస్కారమండీ. మావాడితో చిన్న మాటండి. మీరు లేవక్కర్లేదండి. మీరుంటేనే మంచిదండి."

లేవబోయిన మేడం మళ్లీ కూర్చున్నారు.

"నిన్న నాకేం చెప్పేవురా అల్లుడూ? ఎల్లుండి పొద్దున్న పోటుకి మన తూము దగ్గర సెలినిటీ ఎంతుంటుందన్నావు?"

"పద్నాలుగండి."

"ఇవాళ పొద్దున్న ఒకాయన సీసాలో నీళ్లు పట్టుకొచ్చి అదే అడిగేడు కదా. ఆయనకేం చెప్పేవు?"

నేను బల్ల మీది పొద్దుటి కాగితం వైపు చూశాను.

"తొమ్మిదని చెప్పేవు," అని మావయ్యే అన్నాడు. "ఆయన నా పక్క చెరువు ఆసామి. ఆ సీసాలో నీళ్లు నా తూములోవి. ఆయన నీకు ఫోన్లో పంపిన లొకేషను నా తూము మీద నిలబడి పంపింది. ఒకే నీళ్లు రెండు సీసాల్లో పోసి ఇచ్చేనురా నీకు. పదహారు మిషన్లు పెట్టుకుని రెండు మాటలు చెప్పేవు."

మా వైపు దీన్ని మోసం అనుకోరు. రొయ్య పిల్లనో చెరువు నీటినో ల్యాబుకి పంపేటప్పుడు ఒకే సరుకును రెండుగా చేసి, రెండు చెరువుల పేర్లు చెప్పి ఇవ్వడం అలవాటు. రెండు రిపోర్టులూ ఒకటిగా వస్తే ఆ ల్యాబు మంచిది. రాకపోతే ఇంకో ల్యాబు చూసుకుంటారు. ల్యాబుల వాళ్లకూ ఈ సంగతి తెలుసు, ఎవరూ కోపం తెచ్చుకోరు. మావయ్య మరీ ఒక అడుగు ముందుంటాడు. తన షుగర్ పరీక్ష కూడా రెండుసార్లు చేయిస్తాడు. ఒకటి తన పేరు మీద, ఒకటి అత్తయ్య పేరు మీద. రెండు రక్తాలూ తనవే.

"మేనల్లుణ్ణి కూడా పరీక్ష చెయ్యాలా మావయ్యా?" అన్నాను.

"మేనల్లుడివని ఊరుకుంటే రొయ్య ఊరుకుంటుందేంట్రా?"

ఇక్కడ నా పని ఏమిటో చెప్పాలి. వరదల కాలంలో గోదావరి నీళ్లు దిగి వచ్చి ఉప్పుటేరు తీపెక్కుతుంది. వరద తీసేకొద్దీ సముద్రపు పోటు మళ్లీ ఉప్పును లోపలికి తోస్తుంది. ఏ రోజు, ఏ తూము దగ్గర, లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పు ఉంటుందో, అంటే సెలినిటీ ఎంతో, ముందుగా చెప్పగలిగితే రొయ్యల రైతుకు ఉపయోగం. కాలేజీకి వచ్చిన చిన్న గ్రాంటుతో నేను ఆ లెక్క కట్టే ప్రోగ్రాం నడుపుతున్నాను. రైతు సీసాలో తెచ్చిన నీళ్లలో ఆ రోజు ఎంత ఉప్పుందో మీటరుతో చూసి, అక్కడి నుంచి లెక్క మొదలుపెడతాను. ఏరు సముద్రంలో కలిసే మొగ నుంచి పైకి ఉప్పుటేరు మొత్తాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, ఆ గళ్లను పదహారు కంప్యూటర్లకు పంచుతాను. ప్రతి కంప్యూటరూ తన ముక్కలో నీటి మట్టం, ఉప్పు ఎంతో లెక్క కడుతుంది. సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి పక్క కంప్యూటర్‌ని అడుగుతుంది: నీ వైపు నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయి? పక్కది జవాబు చెప్పేదాకా ఇది కదలదు. గట్టు పంచుకున్న రైతుల పని లాంటిదే ఇది కూడా. అందరిలోకీ మెల్లగా నడిచేవాడే అందరి వేగాన్నీ నిర్ణయిస్తాడు.

మావయ్యకు ఈ లెక్క ఎందుకు కావాలో అది కూడా చెప్పాలి. ఆయన పెద్ద చెరువులో నీళ్లు చెడిపోయాయి. తెల్లవారేసరికి రొయ్య గట్టు అంచులకు వచ్చి తేలుతోంది. ఏటి నీళ్లు పెట్టి మార్చాలి. అమావాస్య, పున్నమి పోట్లకు తప్ప ఏరు ఆయన తూము ఎత్తుకు రాదు; ఎల్లుండి అమావాస్య. చెరువులో సెలినిటీ పదిహేను. లోపలికి వచ్చే నీళ్లు పదికి తగ్గితే రొయ్య తట్టుకోలేక గుల్ల మెత్తబడి చచ్చిపోతుంది. నీళ్లు పెట్టే వీలు లేదంటే మిగిలిన దారి ఒక్కటే, రొయ్యను ఉన్నపళంగా పట్టించి అమ్మేయడం. ఇంకా చిన్న రొయ్య, పెట్టుబడి రాదు. దానికైనా ఐసు, లారీ, పట్టే మనుషులు కావాలి కాబట్టి కొనేవాడికి ముందురోజు సాయంత్రం లోపల మాట ఇవ్వాలి. అంటే మర్నాడు సాయంత్రం. ఒకసారి రమ్మన్నాక వద్దనడానికి ఉండదు.

వెనకటి పంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. ఇది కూడా పోతే చెరువులు లీజుకిచ్చేసి రాజోలులో బావమరిది ఎరువుల కొట్లో కూర్చుంటానని మా అమ్మతో అన్నాడట. నవ్వుతూనే అన్నాడట. ఆయన నవ్వుతూ అన్నవే చేస్తాడని అమ్మ భయం.

"ఇప్పుడు నేను పద్నాలుగు నమ్మాలా, తొమ్మిది నమ్మాలా?" అన్నాడు మావయ్య.

మేడం కల్పించుకున్నారు. "రెండిటికీ సగటు తీసుకోవచ్చుగా. పదకొండున్నర."

"బానే ఉందండి. పద్నాలుగంటే తూము ఎత్తాలండి, తొమ్మిదంటే ఎత్తకూడదండి. పదకొండున్నరకి సగం ఎత్తమంటారాండి?"

మేడం నవ్వలేదు. నేను తెల్లబోర్డు తుడిచి అనుమానించవలసిన వాటిని వరసగా రాశాను. మనుషులు, సీసాలు, ప్రోగ్రాం, యంత్రాలు.

ముందు మనుషులు. పక్క ఆసామి పంపిన లొకేషన్‌నీ, మావయ్య పంపినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ తూము మీదే ఉన్నాయి. అంకెలు చూసి టైపు చేశానే తప్ప రెండూ ఒక చోటేనని గమనించలేదు. సీసాలు రెండూ బల్ల కిందే ఉన్నాయి. మళ్లీ మీటరు పెట్టి చూశాను. తేడా లేదు. ఆ తర్వాత, ఆ లెక్కలు నడిచిన వేళల్లో ఇంకెవరైనా యంత్రాలు వాడారేమోనని చూడబోయాను. ఫైనలియర్ విద్యార్థులకు లాగిన్ ఇచ్చింది మేడమే. కాలేజీ కరెంటుతో బిట్‌కాయిన్లు తవ్వే పిల్లల గురించి విన్నాను. అలాంటి పని ఒక మూల నడుస్తుంటే మిగతా లెక్కంతా కుంటుతుంది.

"లాగిన్ ఎవరెవరికిచ్చారు మేడం?"

"నన్ను కూడా అనుమానిస్తున్నావా?"

"జాబితాలో ఉన్నారు మేడం."

"వీడు చిన్నప్పట్నించీ ఇంతేనండి," అన్నాడు మావయ్య గుమ్మంలోంచి. "పుట్టినరోజుకి చాక్లెట్లు పంచి, వెనకాలే తిరిగి లెక్క చూసుకునేవాడు."

విద్యార్థులెవరూ ఆ రెండు రోజులూ లోపలికి రాలేదని తేలింది. మేడంతో సహా మనుషులందరినీ బోర్డు మీద కొట్టేశాను. ఆవిడ చూస్తుండగానే కొట్టేశాను.

తర్వాత ప్రోగ్రాం. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా నమ్మని సంగతి ఒకటి ఉంది. పదహారు కంప్యూటర్ల మీద ఒకే లెక్క రెండుసార్లు చేస్తే రెండు జవాబులూ అచ్చంగా ఒకటిగా ఉండవు. కంప్యూటర్ ప్రతి అంకెనూ ఎక్కడో ఒకచోట కత్తిరించి ఉంచుకుంటుంది. ఏ యంత్రం జవాబు ముందొస్తే దాన్ని ముందు కలుపుతుంది. కలిపే వరస మారితే కత్తిరింపులు మారి, చివరి అంకెలు మారతాయి. ఇక్కడికి రాకముందు నేను వేరే రాష్ట్రంలో ఒక పెద్ద గణన కేంద్రంలో రెండేళ్లు పనిచేశాను. అక్కడ నేర్పిన మొదటి పాఠం ఇదే. కానీ ఆ తేడా తక్కెడకి అంటిన దుమ్ము లాంటిది. పద్నాలుగును తొమ్మిది చేసే బలం దానికి లేదు. బోర్డు మీద ప్రోగ్రాం కూడా కొట్టేశాను.

మిగిలినవి యంత్రాలు.

ఆ పెద్ద కేంద్రం గురించి రెండు మాటలు. అక్కడ బీరువాల వరసలు హాలు నిండా ఉండేవి. చల్లార్చడానికి వాటిలోంచి నీళ్లు పారేవి. ఒకప్పుడు అంత హాలు చేసే పనిని ఇప్పుడు అరచేతి వెడల్పు గ్రాఫిక్స్ కార్డు చేస్తుందని వచ్చినవాళ్లకు చూపించేవాళ్లం. అది నిజమే. లెక్క కట్టడం చవకైంది. లెక్క కట్టిన అంకెను ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మోయడం మాత్రం అంత చవక కాలేదు. ఇంకో ఇబ్బంది గురించి వచ్చినవాళ్లకు చెప్పేవాళ్లం కాదు. యంత్రాలు పెరిగినకొద్దీ, ఏ క్షణాన చూసినా వాటిలో ఏదో ఒకటి చెడి ఉండే అవకాశం పెరుగుతుంది. పూర్తిగా ఆగిపోయిన యంత్రంతో బాధ లేదు, తీసి పక్కన పెడతాం. ఎర్రలైటు వెలగకుండా, ఏ ఫిర్యాదూ చేయకుండా, తప్పు జవాబును ఒప్పు జవాబంత వినయంగా ఇచ్చేదానితోనే బాధ. అక్కడ మెమరీలో ప్రతి అంకెకూ కాపలా ఉండేది, అంకె తిరగబడితే పట్టుకునేది. మా పాత ల్యాబు కంప్యూటర్లకు ఆ కాపలా లేదు.

నిన్నటి లెక్కనూ ఇవాళ్టి లెక్కనూ గడి గడిగా పోల్చాను. మొగ దగ్గర ఒక్క గడిలో తేడా మొదలైంది. నిన్న అక్కడ ఏరు లోతు మనిషి మునిగేంత ఉంది. ఇవాళ మోకాలి లోతు కూడా లేదు. లెక్క మధ్యలో ఆ ఒక్క అంకె తిరగబడింది. పోటు నీళ్లు ఆ గడిలో లేని ఇసుక మేటకు కొట్టుకుని వెనక్కు మళ్లాయి. అందుకే పైన మావయ్య తూము దగ్గరికి ఉప్పు తక్కువ చేరింది.

"మొగలో మేటేసిందా?" అన్నాడు మావయ్య. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "మొన్ననే పడవ తిరిగింది కదరా అందులో."

"నిజం మొగలో కాదండి. కంప్యూటర్లో వేసింది."

"ఆహా. మావి చాలక మీరు కొత్త మేటలు వేస్తన్నారన్నమాట."

ఆ ముక్క ఇవాళ చేసింది పదకొండో నంబరు కంప్యూటర్. నిన్న అదే పదకొండుకు పై వైపు, తీపినీళ్ల ముక్క వచ్చింది. ఏ ముక్క ఎవరికి వెళ్లాలో ప్రతిసారీ ఖాళీని బట్టి ప్రోగ్రామే పంచుతుంది. నిన్న అది అబద్ధమాడినా మావయ్య తూముకు తగలని చోట ఆడి ఉంటుంది. ఆడలేదని కూడా చెప్పలేను.

ఆ పదకొండు నేరం ఒప్పుకునేదాకా నాకు ఊరట లేదు. మావయ్య పద్ధతే తీసుకున్నాను. జవాబు నాకు ముందే తెలిసిన చిన్న లెక్క ఒకటి తయారుచేసి, వేరు వేరు పేర్లతో పదహారు యంత్రాలకూ ఇచ్చాను. పదహారూ ఒకే జవాబు చెప్పాయి. పదకొండు కూడా.

"మరి? దాన్నెందుకు అనుమానించేవు?" అన్నారు మేడం. ఆవిడ గొంతులో కొంచెం సంతోషం వినిపించింది. వచ్చే వారం కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోంది. పదహారు కంప్యూటర్ల క్లస్టర్ అని అప్పటికే కాగితాల్లో పెట్టారు.

ఖాళీగా కూర్చున్న యంత్రాన్ని అడిగానని నాకు అప్పుడు తట్టింది. తప్పు జరిగింది పనిలో ఉన్నప్పుడు, ఒళ్లు కాలుతున్నప్పుడు. అన్నిటికీ పెద్ద లెక్క అప్పగించి, ఏసీ గాలి తగలని పై అర కూడా వేడెక్కేదాకా ఆగి, ఆ పని మధ్యలో చిన్న లెక్కను మళ్లీ మళ్లీ జొప్పించాను. పదిహేను యంత్రాలు ప్రతిసారీ ఒకే మాట చెప్పాయి. పదకొండు చాలాసార్లు అదే చెప్పింది, కొన్నిసార్లు వేరేది చెప్పింది. అడిగినప్పుడల్లా తప్పు చెప్పి ఉంటే మొదటి నెలలోనే దొరికిపోయేది.

ఆపి, మూత విప్పి, మెమరీ పలక బయటికి తీశాను. అంచున బంగారు రంగు గీతల మీద సన్నగా పచ్చటి చిలుము. ఇక్కడి ఉప్పుగాలికి తలుపు బందులే తుప్పు పడతాయి. రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. వేడిలో కూడా సరిగ్గానే జవాబు చెప్పింది.

"బాగుపడిందా?" అన్నాడు మావయ్య.

"బాగుపడ్డట్టే కనబడుతోందండి."

"మరి కలుపుతావా?"

"కలపనండి."

"అద్దీ," అని మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

మేడం మాత్రం ఒప్పుకోలేదు. "అరలోంచి తీయకు. కమిటీ వాళ్లు లెక్కపెడతారు. లైటు వెలిగితే చాలు." కాబట్టి పదకొండో కంప్యూటర్ దాని చోటే ఉండిపోయింది. కరెంటు ఇచ్చాను, నీలం తీగ పీకేశాను. మిగతావాటితో సమానంగా మిలమిలలాడుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. తనిఖీల్లో చూపించే మిగతా క్లస్టర్లలో ఇలాంటివి ఎన్ని ఉంటాయోనని అప్పటి నుంచి నాకు అనుమానం.

మిగిలిన పదిహేనిటి మాటేమిటి? పరీక్షలో నెగ్గాయంటే ఆ కాసేపు నెగ్గాయని అర్థం. మావయ్య వెళ్లేముందు ఒకటే అడిగాడు. "రేపు సాయంత్రం లోపల ఒక్క మాట చెప్తావా? ఒకే ఒక్క మాట."

"చెప్తానండి."

మర్నాడు పొద్దున్న కొత్త ఏర్పాటు చేశాను. పద్నాలుగు యంత్రాలను ఏడు జతలుగా విడదీశాను. ఏటిని ఏడు ముక్కలే చేశాను. ప్రతి ముక్కనూ జతలో ఇద్దరూ విడివిడిగా లెక్క కట్టాలి. మధ్య మధ్య ఇద్దరి జవాబులూ పోల్చాలి. దుమ్మును మించిన తేడా వస్తే అక్కడే ఆగాలి. మిగిలిన పదిహేనోదాన్ని పక్కన సాక్షిగా పెట్టాను. దీనికి ధర ఉంది. ఏడు ముక్కలంటే ఒక్కొక్కదాని మీద రెట్టింపుకు పైగా బరువు. పోల్చడానికి అంకెలు మోయాలి, ఆగాలి. మామూలుగా భోజనాల వేళకు అయిపోయే పని సాయంత్రానికి అవుతుందో కాదో తెలియదు. నిజం తెలుసుకోవడానికి పట్టే సమయంలో నిజం పాతబడిపోయే వ్యాపారం ఇది.

మావయ్య పెరుగన్నం కట్టించుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అరల మీద వెలిగే లైట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

"జతలో ఇద్దరూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్తేనో?"

"ఒకే గడిలో, ఒకే అంకె, ఒకే వేళకి ఇద్దరికీ తిరగబడాలండి. జరగదండి."

"జరగదా, జరగలేదా?"

"ఇప్పటిదాకా జరగలేదండి."

"అలా చెప్పు."

మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ అందుకుంది, కింద జనరేటర్ మొదలైంది, లెక్క ఆగలేదు. ఏసీ మాత్రం జనరేటర్ మీద నడవదు. గది వేడెక్కింది. కరెంటు తిరిగొచ్చిన కాసేపటికి లెక్క తనంతట తానే నిలిచిపోయింది. నాలుగో జతలో ఇద్దరి జవాబులూ కలవలేదు.

"ఏమైంది?" అన్నాడు మావయ్య. నా ముఖం చూసి లేచి నిలబడ్డాడు.

"ఒకటి తప్పు చెబుతోందండి."

"ఏది?"

అదే చిక్కు. ఇద్దర్ని పెట్టుకుంటే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. సాక్షిగా పెట్టిన పదిహేనోదానికి చివరిసారి కుదిరిన చోటు నుంచి అదే ముక్క ఇచ్చాను. అది కడుతున్నంతసేపూ మావయ్య ఫోన్ మోగుతూనే ఉంది. కొనేవాడు. మావయ్య ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, "ఆయ్, చెప్తానండి, సాయంత్రం లోపల చెప్తానండి, ఏరు చూసుకోవాలి కదండీ," అని పెట్టేశాడు.

సాక్షి జవాబు జతలో ఒకదానితో కలిసింది. రెండోదాన్ని తీసేసి సాక్షినే దాని చోట కూర్చోబెట్టాను. తీసేసింది నాలుగు కొత్తవాటిలో ఒకటి. పాత పన్నెండు మీదే నా అనుమానమంతా ఉండేది. అది కూడా సరైంది కాదని తేలింది. ఇక సాక్షి లేదు. ఇంకో జత తగవుకు దిగితే ఆ సాయంత్రం మావయ్యకు చెప్పడానికి నా దగ్గర మాట ఉండదు. ఆ సంగతి ఆయనతో చెప్పాను.

"అప్పుడు లారీ రమ్మంటాను," అన్నాడు. "తెలీనప్పుడు పట్టించెయ్యడమే. బావమరిది నా కోసం కుర్చీ దులిపే ఉంచేడు."

తర్వాత ఏ జతా ఆగలేదు. కొబ్బరాకుల మీద ఎండ ఎర్రబడే వేళకు లెక్క పూర్తయింది. మావయ్య తూము దగ్గర, పోటు నిండుగా ఉన్నప్పుడు, సెలినిటీ పదమూడు.

"మొన్న పద్నాలుగు, ఇవాళ పదమూడు. ఆ ఒక్కటీ ఎవడు తినేసేడు?"

"గోదావరి బ్యారేజీ దగ్గర వదిలే తీపినీళ్ల లెక్క పొద్దున్న పెరిగిందండి. కొత్తది వేశాను."

"నిజమా, సర్దుతున్నావా?"

"నిజమేనండి."

రొయ్య పిల్లను అమ్మేవాణ్ణి చూసినట్టు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నీ చెరువైతే ఏం చేస్తావు?"

ఆ ప్రశ్న యంత్రాలను అడిగేది కాదు. మేడం కూడా తల ఎత్తి నా వైపు చూశారు. మొగలో లేని మేటలు ఇంకా ఎన్ని ఉన్నాయో, ఏ జత ఏ తప్పు మీద రాజీ పడిందో నాకు తెలియదు. తెలిసింది ఒకటే, తెలుసుకోగలిగిన దారులన్నీ చూశాను.

"నేనైతే లారీ రమ్మననండి," అన్నాను.

మావయ్య వరండాలోకి వెళ్లాడు. మాటలు లోపలికి వినబడ్డాయి. "రేపు లారీ వద్దండి... ఆయ్, వద్దండి. ఐసు ఎక్కిస్తే దింపుకోండి... తర్వాత పడతానా? పెద్దదయ్యేక పడతానండి. అప్పుడు మీరు లేకపోతే ఇంకోరు ఉంటారండి." ఫోన్ జేబులో పెట్టుకుని చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా అన్నాడు. "పొద్దున్నే తూము దగ్గరికి రా. నీ మాట నువ్వే చూసుకుందువుగాని."

తెల్లవారకముందే అల్లవరం బయలుదేరాను. వెళ్లేసరికి వెలుగు వస్తోంది. పోటు ఎక్కుతోంది. ఏటి నీళ్లు తూము పలకల దాకా వచ్చి గట్టును నాకుతున్నాయి. పలకలు ఇంకా మూసే ఉన్నాయి. లోపల చెరువులో నీటికి గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నా రొయ్య అంచున తేలుతూనే ఉంది, మీసాలు కనబడుతున్నాయి. గట్టు మీద మావయ్య, రెండో సీసా తెచ్చిన పక్క చెరువు ఆసామి ఉన్నారు.

"రండి రండి," అన్నాడాయన. "మీకు సీసా ఇచ్చింది నేనేనండి. ఏమీ అనుకోలేదు కదా?"

"లేదండి."

"అనుకున్నా ఇంకోసారి ఇస్తానండి."

మావయ్య చెంబుతో ఏటి నీళ్లు తీశాడు. సెలినిటీ చూసే గొట్టం అద్దం మీద ఒక చుక్క వేసి, వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. ఏమీ అనలేదు. గొట్టం పక్క ఆసామికి ఇచ్చాడు. ఆయన అద్దం తుడిచి, కొత్త చుక్క వేసి చూశాడు. ఆయనా ఏమీ అనలేదు. ముగ్గురూ చూసేదాకా ఎవరూ పైకి చెప్పకూడదు. ముందు ఒకరు చెబితే తర్వాతివాళ్ల కన్ను అటే పోతుందని వాళ్ల నమ్మకం. గొట్టం నాకు ఇచ్చారు. అద్దం చొక్కా అంచుతో తుడిచాను. చెంబులోది కాకుండా ఏటిలో వేలు ముంచి ఆ చుక్క వేశాను.

"అలా చూసుకో," అన్నాడు మావయ్య.

లోపల నీలం రంగుకూ తెలుపుకూ మధ్య గీత నిలకడగా నిలబడింది. మళ్లీ చూశాను.

"ముందు నువ్వు చెప్పరా."

చెప్పాను. పక్క ఆసామి తల ఊపాడు. మావయ్య తనకు కనబడింది ఎంతో పైకి చెప్పలేదు. చెంబు గట్టు మీద పెట్టి, లుంగీ ఎగ్గట్టి తూములోకి దిగి మొదటి పలక పైకి లాగాడు. నీళ్లు చప్పుడు చేస్తూ చెరువులోకి దూకాయి.

సెలినిటీ పన్నెండు.